యూనిట్ కరెంటుకి ఎంత పని: బోయింక్, ఫోల్డింగ్ కోసం నా పీసీ సెట్టింగులు

కొత్తగా బోయింక్ (ఖాళీగా ఉన్న పీసీతో పరిశోధనల లెక్కలు చేయించే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నవాళ్లు ఎవరైనా మొదట అడిగేది ఒకటే, ఏ గ్రాఫిక్స్ కార్డు కొంటే, చేసిన పనికి ఇచ్చే పాయింట్లు ఎక్కువొస్తాయని. కార్డు సంగతి తర్వాత, ముందు పోయిన నెల కరెంటు బిల్లు తీసి ఏ స్లాబులో ఉన్నారో చూసుకోండి అంటాను నేను. పీసీ గోడ దగ్గర 250 వాట్లు లాగుతోందనుకుంటే రోజుకి 6 యూనిట్లు, నెలకి 180. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఏమిటంటే, ఈ 180 యూనిట్లు మీ ఇంటి మామూలు వాడకం మీద వచ్చి పడతాయి, అంటే వీటికి పడేది కింది స్లాబు రేటు కాదు, మీ బిల్లులో అన్నిటికంటే పైనున్న రేటు. యూనిట్‌కి 9 రూపాయలు వేసుకున్నా 1,620. నెల నెలా.

అందుకే నా దగ్గర పాయింట్ల పట్టిక లేదు, ఒక యూనిట్ కరెంటుకి ఎన్ని టాస్కులు (ప్రాజెక్టు పంపే లెక్కల ముక్కలు) పూర్తయ్యాయన్న లెక్కొకటే ఉంది. కింద చెప్పేదంతా ఆ లెక్క కోసమే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మన కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు దాని శక్తిని పరిశోధనకి ఇవ్వడం ఇది. 1999 మేలో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు మొదలుపెట్టిన, గ్రహాంతరవాసుల సిగ్నళ్లు వెతికే సెటీ ఎట్ హోమ్‌తో జనానికి బాగా తెలిసింది. అది 2020 మార్చి 31 నుంచి కొత్త పని పంపడం ఆపేసింది కానీ, దాని కోసమే తయారైన బోయింక్ సాఫ్ట్‌వేర్ మీద ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ (పల్సర్లు, గురుత్వ తరంగాలు), రోసెట్టా (ప్రోటీన్లు), ప్రైమ్‌గ్రిడ్ (ప్రధాన సంఖ్యలు), వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ (ఎక్కువగా వైద్యం) లాంటి ప్రాజెక్టులు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఫోల్డింగ్ ఎట్ హోమ్ (ప్రోటీన్ల కదలికల లెక్కలు) వేరే, 2000 అక్టోబరులో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది, దానికి సొంత సాఫ్ట్‌వేర్ ఉంది. 2020 మార్చిలో కోవిడ్ భయానికి లక్షల మంది ఒక్కసారిగా చేరేసరికి దాని మొత్తం వేగం ఎక్సాఫ్లాప్ (సెకనుకి ఒకటి పక్కన 18 సున్నాలన్ని లెక్కలు) దాటింది. నేనూ ఆ గుంపులోనే చేరాను.

ఇప్పుడు అసలు విషయం. సెట్టింగుల కంటే ముందు మీ దగ్గరున్న వస్తువుకి తగిన ప్రాజెక్టు వెతుక్కోవాలి, సగం లాభం అక్కడే ఉంది. రోసెట్టాకి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు, మొత్తం ప్రాసెసరే. జీపీయూ గ్రిడ్ అనే ఇంకో ప్రాజెక్టుకి (జీపీయూ అంటే గ్రాఫిక్స్ కార్డే) ఎన్విడియా కార్డు కావాలి. ఫోల్డింగ్ రెండిటి మీదా నడుస్తుంది కానీ వాట్‌కి జరిగే పని చూస్తే కార్డుకీ ప్రాసెసర్‌కీ పోలికే లేదు, కాబట్టి నేను కార్డుని ఫోల్డింగ్‌కో ఐన్‌స్టీన్‌కో ఇచ్చి, ప్రాసెసర్‌ని మిగతావాటికి వదిలేస్తాను.

ఇంకోటి, డబుల్ ప్రెసిషన్, అంటే మామూలు కంటే ఎక్కువ అంకెల ఖచ్చితత్వంతో లెక్కించడం. మనం కొనే గేమింగ్ కార్డుల్లో దీన్ని కావాలనే కోసేస్తారు. నా దగ్గరున్నది ఆర్‌టీఎక్స్ 3060. మామూలు సింగిల్ ప్రెసిషన్‌లో పన్నెండున్నర టెరాఫ్లాప్స్ (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకి లక్ష కోట్ల లెక్కలు) పైనే, డబుల్‌కి వచ్చేసరికి అందులో 64వ వంతు, అంటే 0.2 టెరాఫ్లాప్స్. 2012 నాటి రేడియాన్ హెచ్‌డీ 7970 ఇదే పనిలో 0.9 దాటేస్తుంది! పన్నెండేళ్లు దాటిన కార్డు, సెకండ్ హ్యాండ్ షాపువాడు కూడా పక్కన పడేసే సరుకు. మెర్సెన్ ప్రధాన సంఖ్యలు (2ని దానితోనే పదేపదే గుణించి ఒకటి తీసేస్తే వచ్చేవి) వెతికే జింప్స్ ప్రాజెక్టు లాంటి వాటికి డబుల్ ప్రెసిషనే ప్రాణం, అందుకే అక్కడివాళ్లు రేడియాన్ సెవెన్ కార్డుల్ని అంత మోజుగా దాచుకుంటారు. 2024 అక్టోబరులో దొరికిన 4 కోట్ల 10 లక్షల అంకెల ప్రధాన సంఖ్యని పట్టింది కూడా గేమింగ్ కార్డు కాదు, డేటా సెంటర్లో ఉండే ఎన్విడియా ఏ100. కాబట్టి 3060 పెట్టుకుని జింప్స్‌కి పోవడం అంటే కరెంటు తగలేయడమే, అదే కార్డు ఫోల్డింగ్‌లో చక్కగా పనిచేస్తుంది.

కార్డు సెట్టింగుల్లో నేను మొదట ముట్టుకునేది పవర్ లిమిట్, అంటే కార్డు లాగే వాట్ల మీద పరిమితి. 3060కి ఫ్యాక్టరీలో పెట్టింది 170 వాట్లు. లినక్స్‌లో ఎన్విడియా-ఎస్ఎంఐ కమాండుకి పీఎల్ ఆప్షన్ పెట్టి 120 ఇస్తే చాలు, విండోస్ వాళ్లకి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో ఒక స్లైడర్ ఉంటుంది. యాభై వాట్లు కోస్తే పని మూడో వంతు తగ్గిపోతుందని అనుకుంటాం కదా, తగ్గదు. నా కార్డులో ఒక టాస్కుకి పట్టే సమయం పదో వంతు పెరిగితే ఎక్కువ. చిప్ ఖర్చు వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది, చివరి నూటాయాభై మెగాహెర్ట్జ్ కోసం కార్డు వోల్టేజీని బాగా ఎక్కించేస్తుంది, మనం కోసేది ఆ చివరి ముక్కనే. బెంచ్‌మార్క్ స్కోరు కోసం కంపెనీలు పెట్టిన ఆ ముక్కకి మనం బిల్లెందుకు కట్టాలి? లినక్స్‌లో రీస్టార్ట్ చేస్తే లిమిట్ మళ్లీ 170కి పోతుంది, స్టార్టప్‌లో పెట్టుకోండి. కొత్త రేడియాన్ కార్డుల్లో పవర్ లిమిట్ కిందికి కొంచెమే దిగుతుంది, వాటికి గరిష్ఠ క్లాక్ (చిప్ నడిచే వేగం), వోల్టేజీ రెండూ కొంచెం కొంచెం దించుకోవాలి.

ఓవర్‌క్లాక్ (చిప్‌ని ఫ్యాక్టరీ వేగం మించి నడపడం) మాత్రం వద్దు. గేములో ఒక పిక్సెల్ తప్పు రంగులో వస్తే కంటికి కూడా ఆనదు, ఇక్కడ ఒక అంకె తప్పితే ఆ టాస్కు మొత్తం చెత్తబుట్టలోకే. చాలా బోయింక్ ప్రాజెక్టులు ఒకే టాస్కుని ఇద్దరికి పంపి జవాబులు పోల్చి చూస్తాయి, కుదరకపోతే మూడోవాడికి పంపుతాయి. 2010లో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అరెసిబో టెలిస్కోప్ డేటాలో పల్సర్‌ని (గిరగిరా తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రం) కనిపెట్టినప్పుడు ఆ ఘనత, ఒకే టాస్కు చేసినందుకు, అమెరికాలోని అయోవాలో ఉండే ఒక జంటకీ, జర్మనీలో ఇంకొకరికీ కలిపి ఇచ్చారు. మీ కార్డు స్క్రీన్ మీద బాగానే కనబడుతూ ఇన్‌వాలిడ్‌లు (తప్పని తేలిన టాస్కులు) పెరుగుతున్నాయంటే ముందు క్లాక్ దించి చూడండి.

ఎన్విడియా వాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఓపెన్‌సీఎల్ (కార్డుతో లెక్కలు చేయించే ఒక పద్ధతి) టాస్కులు కార్డుకి పని ఇచ్చి ఊరుకోవు, అయిందా అయిందా అని అడుగుతూ ఒక ప్రాసెసర్ థ్రెడ్‌ని (ప్రాసెసర్ ఒకేసారి నడపగల పనుల్లో ఒకదాని చోటు) మొత్తం తినేస్తాయి. ఆ థ్రెడ్ ఖాళీగా లేకపోతే కార్డు ఆకలితో కూర్చుంటుంది, వాడకం డెబ్బై శాతం దగ్గర ఊగిసలాడుతుంది, జనం డ్రైవర్‌ని తిడతారు. కార్డుకి ఒక థ్రెడ్ పక్కన పెట్టండి, అంతే.

ఒకే కార్డు మీద రెండు టాస్కులు కలిపి నడపడం గురించి చాలామంది అడుగుతుంటారు. ఐన్‌స్టీన్‌లో ఇది పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ గురుత్వ తరంగాల టాస్కుల్లో కొంత భాగం ప్రాసెసర్ మీదే జరుగుతుంది, ఆ టైములో కార్డు ఖాళీ. వాళ్ల సైట్‌లో మీ అకౌంట్ ప్రిఫరెన్సుల్లో జీపీయూ యుటిలైజేషన్ ఫ్యాక్టర్ 0.5 పెడితే రెండు టాస్కులు పడతాయి. మిగతా ప్రాజెక్టులకి యాప్ కాన్ఫిగ్ అనే చిన్న ఫైలు రాసుకోవాలి. ముందు కార్డు మెమరీ సరిపోతుందో లేదో చూసుకోండి. ఫోల్డింగ్‌లో మాత్రం ఈ తెలివి వద్దు. అక్కడ ఒక ప్రోటీన్ కదలికని ముక్కలు ముక్కలుగా లెక్కిస్తారు, మీ ముక్క తిరిగి వెళ్తేనే దాని తర్వాతి ముక్క తయారవుతుంది. అంటే మీరు ఆలస్యం చేస్తే ఇంకెవరో ఎదురుచూస్తున్నట్టు లెక్క. త్వరగా తిరిగి ఇచ్చినవాళ్లకి బోనస్ పాయింట్లు ఇచ్చేది అందుకే, ఆ బోనస్‌కి పాస్‌కీ (మీ పేరుకి ముడిపడే ఒక కోడ్) తీసుకోవాలి, దానితో 10 టాస్కులు పూర్తి చేసి ఉండాలి, తీసుకున్నవాటిలో 80 శాతం తిరిగి ఇచ్చి ఉండాలి.

ప్రాసెసర్ దగ్గరికి వద్దాం. నాది రైజెన్ 9 5900ఎక్స్, 12 కోర్లు, 24 థ్రెడ్లు. మామూలుగా వదిలేస్తే సాకెట్ దగ్గర 142 వాట్ల దాకా పోతుంది, బయాస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగులు) ఎకో మోడ్ 65 పెడితే (ఆ 65 చిప్ రేటింగు, లాగే వాట్లు కాదు) 88 దగ్గర ఆగుతుంది. కార్డు కథే ఇక్కడా, పని తగ్గేది కొంచెం, వేడి తగ్గేది చాలా. ఇంటెల్ వాళ్లు బయాస్‌లో పీఎల్1, పీఎల్2 (ఎక్కువసేపు, కొద్దిసేపు లాగగల వాట్ల హద్దులు) వెతుక్కోండి, కొన్ని మదర్‌బోర్డులు వాటిని హద్దు లేకుండా వదిలేస్తాయి. ల్యాప్‌టాప్ అయితే విండోస్ పవర్ ప్లాన్‌లో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెట్టండి, టర్బో (మామూలు వేగం మించి పరుగెత్తడం) ఆగిపోతుంది, ఫ్యాను గోల కూడా తగ్గుతుంది.

థ్రెడ్లన్నీ వాడాలా వద్దా అనేది ప్రాజెక్టుని బట్టి. రోసెట్టా లాంటివాటికి వాడుకోవచ్చు, కాకపోతే ఒక్కో టాస్కు గిగాబైట్ పైన ర్యామ్ అడగొచ్చు, 24 టాస్కులకి 16 జీబీ ఏం సరిపోతుంది? ప్రైమ్‌గ్రిడ్ పెద్ద టాస్కులకి లెక్క మారిపోతుంది, అక్కడ అడ్డం పడేది కోర్ల వేగం కాదు, క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలుండే చిన్న మెమరీ. టాస్కు లాగ్‌లో ఎఫ్ఎఫ్‌టీ (పెద్ద సంఖ్యల్ని గుణించే పద్ధతి) సైజు కనబడుతుంది, దాన్ని 8తో గుణించండి, ఒక్కో సంఖ్యకి 8 బైట్లు. 1024కే అయితే 8 ఎంబీ, 2048కే అయితే 16 ఎంబీ. ఇవి ఎల్3 క్యాష్‌లో పట్టాలి, పట్టకపోతే ర్యామ్ చుట్టూ తిరుగుతూ కోర్లన్నీ ఊరికే కూర్చుంటాయి. నా చిప్‌లో 64 ఎంబీ ఉంది కానీ అది 32, 32గా రెండు ముక్కలు, అందుకని ఆరేసి కోర్లతో రెండు టాస్కులు నడుపుతాను, ఒక్కో ముక్కకి ఒకటి. హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్‌ని రెండు థ్రెడ్లుగా వాడడం) వీటికి దండగ. ఫోల్డింగ్‌ని ప్రాసెసర్ మీద నడిపేవాళ్లు థ్రెడ్ల సంఖ్య చూసి పెట్టుకోండి, పనిని సమానంగా పంచుకోవాలి కాబట్టి 7, 11, 13 లాంటి ప్రధాన సంఖ్యలతో అది ఇబ్బంది పడుతుంది. 24లో రెండు తీసేస్తే 22, అందులో 11 దాక్కుని ఉంది. 20 పెట్టండి, లేదా 18.

బోయింక్ సెట్టింగుల్లో రెండు శాతాలు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి ఎన్ని ప్రాసెసర్లు వాడాలి, రెండోది ఎంత ప్రాసెసర్ సమయం వాడాలి. వేడి తగ్గించాలంటే మొదటిది దించండి, రెండోది ఎప్పుడూ 100 దగ్గరే ఉంచండి. ఆ రెండోదాన్ని తగ్గిస్తే బోయింక్ చేసేది పనిని క్షణం నడపడం, క్షణం ఆపడం, టెంపరేచర్ రంపపు పళ్లలాగా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, ఫ్యాను అరిచి ఆగి అరిచి ఆగి పక్క గదిలోవాళ్ల నిద్ర చెడగొడుతుంది. అలాగే ఆగిన టాస్కులని మెమరీలోనే ఉంచే ఆప్షన్‌కి టిక్ పెట్టండి. లేకపోతే మీరు బ్రౌజర్ తెరిచి బోయింక్ పక్కకి తప్పుకున్న ప్రతిసారీ టాస్కు వెనక్కి, చివరి చెక్‌పాయింట్ (పని సేవ్ అయిన చోటు) దాకా పోయి మొదలవుతుంది.

మన ఊళ్లలో అసలు చిక్కు ఎండ. కూలర్ ఎంత మంచిదైనా గది వేడి కంటే ఇన్ని డిగ్రీలు పైన అన్న లెక్కలోనే ఉంటుంది. జనవరిలో గది 24 ఉన్నప్పుడు కార్డు 62 చూపిస్తే, మేలో గది 36కి వచ్చేసరికి అదే ఫ్యాను వేగంతో 74. విజయవాడలో ఉండేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఏసీ వేద్దామంటే పీసీ వదిలే 250 వాట్ల వేడిని బయటికి తోయడానికి ఏసీకి ఇంకొంత కరెంటు, అదీ అదే పై స్లాబులో. మిషిగన్‌లో ఉండే మా తమ్ముడికి ఈ బాధే లేదు, చలికాలం గదిలో హీటర్ బదులు పీసీ నడుపుకుంటాడు, వాడికి ప్రతి వాటూ వేడి రూపంలో తిరిగొచ్చేస్తుంది. నేను నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రోజంతా, మిగతా నెలల్లో రాత్రిపూట మాత్రమే. ఏ టైము నుంచి ఏ టైము దాకా నడవాలో బోయింక్‌లోనే పెట్టుకోవచ్చు, ఇంటి మీద సోలార్ ఉన్నవాళ్లు దీన్నే తిప్పి పగటికి పెట్టుకుంటే సరి.

కరెంటు పోవడం గురించి కూడా. బ్యాటరీ మీద ఉంటే ఆపు అనే ఆప్షన్ ల్యాప్‌టాప్‌లో బాగా పనిచేస్తుంది, కానీ ఇంటి ఇన్వర్టర్ మీద నడుస్తున్న డెస్క్‌టాప్‌కి కరెంటు పోయిన సంగతే తెలియదు, ఫ్యాన్లూ లైట్ల కోసం దాచుకున్న బ్యాటరీని అది హాయిగా తాగేస్తుంది. ఆ ప్లగ్గుని ఇన్వర్టర్ లైనులో పెట్టకండి. చిన్న యూపీఎస్ ఒకటి ఉంటే షట్‌డౌన్ చేసుకునే టైము దొరుకుతుంది. కోతలు ఎక్కువున్న ఊళ్లో క్లైమేట్ ప్రిడిక్షన్ అనే వాతావరణ ప్రాజెక్టు జోలికి వెళ్లకపోవడం మంచిది, వాటి టాస్కులు రోజుల తరబడి నడుస్తాయి, మధ్యలో గభాలున ఆగితే పాడైపోయేవీ ఉంటాయి.

మార్చి రాగానే పూర్తిగా ఆపేద్దామనుకుంటే బోయింక్‌ని టకీమని తీసేయకండి. ముందు ప్రాజెక్టు మీద నో న్యూ టాస్క్స్ నొక్కి, ఉన్నవి పూర్తయి అప్‌లోడ్ అయ్యి రిపోర్ట్ అయ్యేదాకా ఆగండి. అలా చేయకపోతే మీ దగ్గర ఇరుక్కున్న టాస్కులు గడువు తేదీ దాటేదాకా ఇంకెవరికీ వెళ్లవు, అవతల అదే టాస్కు పూర్తి చేసి కూర్చున్న మనిషికి అన్ని రోజులూ పెండింగ్ అనే కనబడుతుంది. పని నిల్వ ఎప్పుడూ అర రోజుకి మించకుండా పెట్టుకుంటే ఈ ఖాళీ చేసే పని ఒక్క రాత్రిలో అయిపోతుంది.