రెండు కొబ్బరికాయల బరువు

మొన్న సంక్రాంతికి మా మేనకోడలు విశాఖ నుంచి వచ్చింది. అక్కడ ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి చిన్న గుళ్ళు పేల్చే .22 పిస్తోలు నేర్చుకుంటోంది. చెప్పులు విప్పిందో లేదో మొదలెట్టింది.

"మావయ్యా, ఆ ట్రిగ్గర్ మరీ బరువుగా ఉంది. తేలిక చేయించుకోవచ్చా?"

నన్నెందుకు అడిగిందంటే, నేను 22 ఏళ్ళు ఒక దళంలో ఆర్మరర్‌గా చేశాను. తుపాకులు విప్పడం, తుడవడం, బిగించడం, కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, లెక్క చూసుకోవడం, అదే ఉద్యోగం. ఇప్పుడు రాజోలు దగ్గర ఎకరం కొబ్బరితోట, రెండు గేదెలు.

ట్రిగ్గర్ బరువంటే దాన్ని నొక్కడానికి కావలసిన బలం. 25 మీటర్ల పిస్తోలు పోటీకి అది కిలోకి తగ్గకూడదని రూలు. అధికారులు పిస్తోలు గొట్టాన్ని నిటారుగా పైకి పెట్టి, ట్రిగ్గర్‌కి కిలో బరువు తగిలించి, బల్ల మీంచి మెల్లగా లేపుతారు. బరువు గాల్లోకి లేవాలి, ట్రిగ్గర్ మాత్రం పడకూడదు. పడిందా, ఆ పిస్తోలు ఆ పూటకి పక్కనే.

"కిలో అంటే ఎంతో చూద్దాం రా" అని పెరట్లోకి తీసుకెళ్ళాను. ముందురోజే దింపు అయింది. ఒలిచిన కాయలు రెండు తూచితే కిలో మీద నలభై గ్రాములు తేలాయి. కొబ్బరితాడుతో కట్టి, దాని చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి చోట తగిలించాను. అవలీలగా లేపింది.

"ఇంతేనా?"

"ఇంతే. మరి అక్కడ బరువెందుకు అనిపించింది?"

దానికి జవాబు మా నూతి గిలక దగ్గరుంది. మా అమ్మ బతికున్నప్పుడు నెలకోసారి ఆ గిలకకి నూనె వేసేది. ఇప్పుడు మోటారొచ్చాక పట్టించుకునేవాళ్ళు లేరు, తుప్పు పట్టి కూర్చుంది. చేద వేసి తోడమన్నాను. అదే చేద, అవే నీళ్ళు, తాడు మాత్రం పట్టి పట్టి వదులుతోంది. ఒక్కో కుదుపుకీ నీళ్ళు ఒలికాయి. ట్రిగ్గర్ కూడా అంతే. మనల్ని ఇబ్బంది పెట్టేది బరువు కాదు, దారిలో తగిలే గరుకు. నున్నగా వచ్చే రెండున్నర కిలోల ట్రిగ్గర్ ముందు గరుకుగా వచ్చే రెండు కిలోలదే బరువనిపిస్తుంది.

మా దగ్గర ఎక్కువగా ఉండేవి ఇషాపూర్‌లో తయారైన 9 ఎంఎం పిస్తోళ్ళు. బ్రౌనింగ్ హై పవర్ అనే పాత విదేశీ పిస్తోలుకి మన దేశపు రూపం, మ్యాగజైన్‌లో, అంటే పిడిలో దూర్చే గుళ్ళ పెట్టెలో, 13 గుళ్ళు. దానికి ఒక చాదస్తం ఉంది. మ్యాగజైన్ తీసేస్తే పేలకుండా లోపల ఒక చిన్న ముక్క పెట్టారు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఆ ముక్క మ్యాగజైన్ ముందు రేకుని రాసుకుంటూ జారుతుంది. పాత మ్యాగజైన్ తీసి వెలుతురులో పట్టుకుంటే, నల్లటి రంగు మీద వేలిగోరంత మేర తెల్లగా అరిగిన గీత కనబడేది. మా జవాన్లు "ఈ పిస్తోలు గట్టి" అని తిట్టుకునేది ఆ గీతనే. అదే పిస్తోలుకి ఆ రేకు నున్నగా ఉన్న మరో మ్యాగజైన్ పెట్టి ఇస్తే "ఇది బావుంది సార్" అనేవాళ్ళు. స్ప్రింగు అదే, బరువూ దాదాపు అదే!

తేలిక చేయించుకోవడం గురించి కూడా చెప్పాలి. ఒకసారి మా దగ్గరికి బాగుచేతకి ఒక పిస్తోలు వచ్చింది. గుండుని పేల్చే సుత్తి హ్యామర్ అయితే, ట్రిగ్గర్ నొక్కేదాకా దాన్ని ఆపి ఉంచే కొక్కెం సియర్. ఎవరో చేతివాటం చూపించి ఆ సియర్ అంచుని ఆకురాయితో రాసేశారు. ట్రిగ్గర్ వెన్నలా ఉంది, నాకే ముచ్చటేసింది. రేంజ్‌లో ఒక్కసారి నొక్కితే రెండు పేలాయి. పిస్తోలు పైన కదిలే స్లయిడ్ వెనక్కి వెళ్ళి ముందుకొచ్చి కొట్టుకున్న అదురుకే హ్యామర్ జారిపోయింది. రెండోది ఇసుక గట్టు అంచున తగిలింది కాబట్టి సరిపోయింది. హ్యామర్‌ని పట్టి ఉంచేది వెంట్రుకంత అంచు. దాన్ని నున్నన చేయబోయి గుండ్రన చేస్తే, తేలికైంది ట్రిగ్గరొక్కటే కాదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మేనకోడలికి కాయల లెక్క నచ్చింది, మిగతావీ అడిగింది. ఎయిర్ పిస్తోలుకి అరకిలో, అంటే ఒక కాయ. గ్లాక్ అనే పిస్తోలుకి మామూలుగా రెండున్నర కిలోలు, ఐదు కాయలు. కొన్ని పిస్తోళ్ళకి మొదటి గుండుకి ట్రిగ్గరే హ్యామర్‌ని కూడా వెనక్కి లేపాలి, అవి తొమ్మిది పది కాయలు. రెండో గుండు నుంచి నాలుగే. ఆ తేడా వల్లే చాలామందికి మొదటి రెండు గుళ్ళు ఒకచోట పడవు. లండన్‌లో 2012లో మన ఆర్మీ విజయ్ కుమార్‌కి వెండి పతకం వచ్చిన ర్యాపిడ్ ఫైర్‌లో ఆఖరి వరసలో 4 సెకన్లకి 5 గుళ్ళు, ఐదు వేర్వేరు టార్గెట్ల మీద. అక్కడా ట్రిగ్గర్ రెండు కాయలే.

"నీ గుళ్ళు ఎక్కడ పడుతున్నాయి?" అనడిగాను.

"కిందకి, ఎడమపక్కకి."

కుడిచేతి వాటం వాళ్ళకి అది పాత జబ్బే. ట్రిగ్గర్ మొదట తేలిగ్గా వచ్చేంత మేర (ఫస్ట్ ప్రెషర్) లాగి, ఆ తర్వాత బిగువు (సెకండ్) దగ్గర గరుకు తగలగానే 'ఇప్పుడు పేలుతుంది' అని టెన్షన్‌తో వేలితోపాటు పిడికిలంతా బిగిస్తారు. స్లయిడ్ మీద రూపాయి బిళ్ళ పెట్టి, అది పడకుండా ఖాళీ పిస్తోలు నొక్కడం మా పాత సాధన. అయితే .22ని ఊరికే ఖాళీగా కొట్టకూడదు, చాలావాటిలో గుండుని కొట్టే పిన్ను వెళ్ళి, గుండు కూర్చునే ఛాంబర్ అంచుకి తగులుతుంది. పోటీ పిస్తోళ్ళలో దానికి వేరే ఏర్పాటుంటుంది, కోచ్‌ని అడగమన్నాను. ముందు లోపల శుభ్రం చేయించుకోమని కూడా చెప్పాను. .22 గుళ్ళ మైనం, సీసం, కాలని మందు కలిసి లోపల జిడ్డుగా పేరుకుంటాయి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో బుడగల తుపాకీ పట్టుకుంది. దాని ట్రిగ్గర్ మా గిలక కన్నా అన్యాయం. పదింటికి మూడు. రెండోసారి డబ్బులిచ్చి, కణుపు మెత్తటి చోట వేలు పెట్టి, ఎప్పుడు పేలుతుందో పట్టించుకోకుండా మెల్లగా నొక్కమన్నాను. ఏడు. బుడగలవాడు నా వంక అదోలా చూశాడు.

పోయిన వారం ఫోన్ చేసింది. పిస్తోలు విప్పి తుడిస్తే గుడ్డ నల్లగా వచ్చిందట, ట్రిగ్గర్ "అదేదో వేరే పిస్తోల్లా" ఉందట. బరువు తూచారా అనడిగితే, తూచారు, మునుపటంతే ఉందంది.

తూకం వేసిన కాయలు రెండూ ఆ సాయంత్రమే మా ఆవిడ పచ్చడి చేసేసింది. గిలకకి మాత్రం నూనె నేనే వేశాను.