తొమ్మిదంటే ఏముంది లెండి

పోయినేడు నవంబర్‌లో మా అమ్మాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ పెడితే వెళ్ళా. తొమ్మిదో క్లాసు అప్పుడు. క్లాస్ టీచర్ గారు మంచావిడే, ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడతారు, ఆవిడ చెప్పిందేంటంటే డిసెంబర్‌కల్లా తొమ్మిది సిలబస్ చుట్టేసి, సంక్రాంతి సెలవులు అవ్వగానే టెన్త్ పాఠాలు మొదలెట్టేస్తారంట. అదేంటి మేడమ్, ఏడాది అవ్వడానికి ఇంకా బోలెడు టైముంది కదా అన్నా. "తొమ్మిదంటే ఏముంది లెండి సార్, బోర్డ్ ఎగ్జామా ఏమన్నానా, ఆ మార్కులు రేపు ఎవరడుగుతారు" అన్నారు. పక్కనున్న పేరెంట్స్ అందరూ తలలూపారు. నేనూ ఊపా, అబద్ధమెందుకు.

ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఎందుకో మనసాగలేదు, దాని బ్యాగ్ ముందేసుకుని పుస్తకాలన్నీ తీసా. నేను తొమ్మిది చదివింది జడ్పీ హైస్కూల్లో, తెలుగు మీడియం, ఎన్నేళ్ళయిందో చెప్తే జుట్టుకి రంగేసింది వేస్ట్ అవుతుంది కాబట్టి చెప్పను. తిరగేస్తుంటే ఒకటి అర్థమైంది, ఎనిమిది దాకా లెక్కలంటే జవాబొస్తే పనైపోయినట్టే, తొమ్మిదిలోనే కదా మొదటిసారి కూర్చోబెట్టి "నిరూపించు" అంటారు. న్యూటన్ మూడు సూత్రాలు ఇక్కడే, గ్రాఫ్ కింద ఏరియాకి ఒక అర్థం ఉంటుందని తెలిసేది ఇక్కడే, ఆటమ్ లోపల ఏముందో ఇక్కడే, ఓటు ఎందుకు అనేది కూడా ఇక్కడే. ఇదంతా ఏముంది లెండి అంట.

సరే ఎలాగూ వాళ్ళు పరిగెత్తిస్తున్నారు కదా, మనం ఇంట్లో నడిపిద్దాంలే అనుకుని రోజూ రాత్రి ఓ గంట కూర్చోవడం మొదలెట్టాం. మొదటి రోజే గొడవ. దానికి తెలుగు మాటలు రావు, నాకు ఇంగ్లీష్ మాటలు రావు. నేను త్వరణం అంటే అది మొహం చూస్తుంది, అది యాక్సిలరేషన్ అంటే నాకు బండి యాక్సిలరేటరే గుర్తొస్తుంది (అదేమీ తప్పు కాదని తర్వాత తేలింది). అప్పుడు పక్కింటి అబ్బాయి గుర్తొచ్చాడు, వాడు మున్సిపల్ హైస్కూల్. గవర్నమెంట్ వాళ్ళిచ్చే పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఆ పుస్తకాలు రాత్రికి తెచ్చుకుని పొద్దున్నే ఇచ్చేసేవాళ్ళం, మా ఇద్దరికీ అదే డిక్షనరీ. ఆ బైలింగ్వల్ పుస్తకం ఎవరి ఐడియానో గానీ నిజంగా దణ్ణం పెట్టాలి, ప్రైవేట్ స్కూల్ ఫీజులు కట్టే మాకు ఆ సుఖం లేదు.

ఆ పుస్తకంతోనే ఒక తమాషా. రేషనల్ నంబర్ని తెలుగులో అకరణీయ సంఖ్య అంటారు, ఇర్రేషనల్‌ని కరణీయ సంఖ్య అంటారు. కాదు అనే ముక్క ఇంగ్లీష్‌లో ఒకదానికి ఉంటే తెలుగులో రెండోదానికి ఉంది. మా అమ్మాయి తిరగేసి రాసుకుంది, నేను కొట్టేశా, అది మళ్ళీ రాసింది, "నాన్నా, అ ఉందంటే కాదు అనే కదా, మరి ఇర్ కూడా అంతేగా" అని వాదన. దాని పాయింటూ కరెక్టే. కరణి అంటే ఆ రూట్ గుర్తు వదలని సంఖ్య అనీ, అకరణీయ అంటే కరణి కానిది అనీ చెప్పాక ఊరుకుంది. ఇంకో మాట మాత్రం దానికి తెగ నచ్చేసింది, మొమెంటమ్‌కి ద్రవ్యవేగం. ద్రవ్యరాశిని వేగంతో గుణించడమే కదా అది, ఫార్ములా పేరులోనే ఉంది, బట్టీ పట్టక్కర్లేదు. ఇనర్షియాకి జడత్వం అని చెప్తే మా అమ్మ వంటింట్లోంచే "పొద్దస్తమానం ఆ ఫోను పట్టుకుని జడంలా కూర్చుంటుందే, అదేనా" అంది. అదేనమ్మా, సరిగ్గా అదే.

రూట్ టూని నంబర్ లైన్ మీద పెట్టడం ఉంది కదా. సున్నా నుంచి ఒకటి దాకా గీత, ఒకటి దగ్గర నిట్టనిలువుగా ఇంకో ఒకటి, సున్నా నుంచి ఆ పై చివరికి ఏటవాలుగా ఒక గీత, పైథాగరస్ ప్రకారం ఆ ఏటవాలు గీత పొడవు రూట్ టూ. కాంపస్ ముల్లు సున్నా మీద పెట్టి అంత పొడవూ కిందికి తిప్పితే నంబర్ లైన్ మీద ఒక చోట తగులుతుంది. అది తిప్పింది, తగిలింది, చుక్క పెట్టింది, పెట్టి ఆగిపోయింది. "1.41421356 అని ఎప్పటికీ అయిపోదు అన్నావు కదా, అయిపోనిది ఇక్కడ ఎలా ఆగింది నాన్నా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పడుకో, రేపు చూద్దాం అన్నా. రెండ్రోజులు బుర్రలో తిరిగి తిరిగి ఆఫీసులో టీ తాగుతుంటే తట్టింది, పొడవు ఆగిపోయిందిరా బాబూ, ఆగనిది మనం దాన్ని పదులతో రాసే పద్ధతి. దానికి చెప్తే ఊఁ అంది, నేను గెంతినంత అది గెంతలేదు. బౌధాయన శుల్బసూత్రంలో ఈ రూట్ టూనే ఒకటి, దానికి మూడో వంతు కలుపు, దాంట్లో నాలుగో వంతు కలుపు, అందులో ముప్పై నాలుగో వంతు తీసెయ్ అని చెప్పారని ఉంటే క్యాలిక్యులేటర్ మీద వేసి చూశాం, 1.4142156 వచ్చింది, డెసిమల్ తర్వాత అయిదంకెలు కరెక్ట్. వేల ఏళ్ళ కింద యజ్ఞవేదికలు కట్టడానికి వేసుకున్న లెక్క అది. దానికి మాత్రం గెంతింది.

మోషన్ చాప్టర్ బండి మీద చేశాం. రాజమండ్రి కంబాల చెరువు సెంటర్లో వద్దు, ఊరు దాటాక ఖాళీ రోడ్డు మీద. నేను స్పీడోమీటర్ చూసి పైకి చదువుతుంటే అది వెనక కూర్చుని ఫోన్లో టైము చూసి చేతి మీద పెన్నుతో రాసుకుంది. సున్నా నుంచి 36కి 10 సెకన్లు, 36 మీదే 20 సెకన్లు, బ్రేకేసి ఆగడానికి 5. గంటకి 36 కిలోమీటర్లంటే సెకనుకి 10 మీటర్లు, గ్రాఫ్ గీస్తే అటూ ఇటూ వాలుగా మధ్యలో బల్లపరుపుగా పెంకుటింటి కప్పులా వచ్చింది. దాని కింద ఏరియా 50, 200, 25 కలిపి 275 మీటర్లు. బండి మీటర్ చివరంకె (గడికి వంద మీటర్లు) దాదాపు మూడు గళ్ళు కదిలింది. "ఏరియా అంటే చదరపు మీటర్లు కదా, ఉత్త మీటర్లు ఎందుకొచ్చాయి" అని అడిగింది, నిలువు వైపు సెకనుకి మీటర్లు, అడ్డం వైపు ఉన్నది సెకన్లు కదమ్మా అనగానే దానికే వెలిగింది. ఈ ప్రశ్న మా రోజుల్లో నేను అడిగుంటే డస్టర్ వచ్చి తగిలేది.

సోషల్‌కి వస్తే నాకు మా రోజుల నుంచి మిగిలింది బాస్టిల్, 1789 జూలై 14, అంతే. ఇప్పుడు ఆ పుస్తకం బానే రాశారు, కాకపోతే ఒక చోట మనసు చివుక్కుమంది. అడవుల మీద బ్రిటిష్ వాళ్ళ పెత్తనం గురించి ఒక చాప్టర్ ఉంది, అందులో బస్తర్ తిరుగుబాటు, 1910, అందులో ముఖ్యుడైన గుండా ధుర్, మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరూరా పంపించి కబురు చేసుకోవడం, అన్నీ వివరంగా ఉన్నాయి, బావుంది. మన అల్లూరికి మాత్రం ఒకే ఒక వాక్యం, అదీ ఇంకొందరితో కలిపి. మాది రాజమండ్రి, ఇక్కణ్ణుంచి బస్సెక్కితే రంపచోడవరం ఎంతసేపు. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీద ఆంక్షలు పెట్టడం, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు రోజులు మూడు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళడం, 1924 మే దాకా తెల్లోళ్ళకి నిద్ర లేకపోవడం, ఇదంతా టీచర్ నోటితో చెప్పుకోవాల్సిందే, పుస్తకంలో లేదు. ఢిల్లీలో కూర్చుని దేశమంతటికీ రాసే పుస్తకంలో అంతకంటే చోటుండదేమో, సరే. కానీ ఇక్కడి టీచర్‌కి ఆ పావుగంట ఉండాలి కదా. డిసెంబర్‌కి చుట్టేయమంటే పావుగంట ఎక్కడ్నుంచి తెస్తుంది పాపం.

ఆ పరుగులోనే లెక్కల్లో త్రిభుజం ఏరియా తీసే హీరాన్ ఫార్ములా చాప్టర్ "సెల్ఫ్ స్టడీ" అయిపోయింది. అంటే వదిలేశారని అర్థం.

సంక్రాంతికి మా ఊరెళ్ళాం. భోగి మంట పొగ ఇంట్లోకి కమ్మేసి, పెంకుల సందులోంచి పడ్డ ఎండ కర్రలా కనిపిస్తుంటే "టిండాల్ ఎఫెక్ట్!" అని అరిచింది (పొగ రేణువుల మీద వెలుతురు చెదిరి దాని దారి కనిపించడమే అది), మా అమ్మ ఏదో పురుగేమో అని చీపురు తెచ్చింది. ఆ మధ్యాహ్నమే ఇంటి వెనక దొడ్డి మాటొచ్చింది. మా తాత కాలంలో ఎవరో పెద్దమనుషులు కొలిచి 177 గజాలు అన్నారంట, అప్పట్నుంచీ మా ఇంట్లో అది వేదం. మూడున్నర సెంట్ల పైమాటే అని మా అమ్మ వచ్చినోళ్ళందరికీ చెప్తుంది. సరే టేపు పట్టరా అని నేనూ అమ్మాయీ దిగాం. తూర్పు 39 అడుగులు, దక్షిణం 42, పడమర 28, ఉత్తరం 53, అంగుళాలు దగ్గరి అడుక్కి సర్దేశాం. ఎదురెదురు వైపులు కలిపి సగం చేసి, ఆ రెండూ గుణిస్తే 33.5 ఇంటూ 47.5, దాదాపు 1591 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 177 గజాలు. పెద్దమనుషుల లెక్క అలాగే వచ్చింది. ఊళ్ళల్లో ఇప్పటికీ చాలామంది ఇలాగే కొలుస్తారు.

"నాలుగు వైపులూ తెలిస్తే ఏరియా తెలిసిపోయినట్టేనా నాన్నా" అంది. అరుగు మీద పట్టెలు వదులైన నులకమంచం ఉంటే దాన్ని పక్కకి నెట్టి చూపించా. నాలుగు పట్టెల పొడవూ మారలేదు, మంచం మాత్రం ఒరిగిపోయి మధ్యలో జాగా తగ్గిపోయింది. అందుకే మూల నుంచి మూలకి ఇంకో కొలత కావాలి. మళ్ళీ దిగి ఈశాన్యం నుంచి నైరుతికి టేపు లాగాం, మధ్యలో జామచెట్టు అడ్డమొస్తే కొమ్మ పక్కకి పట్టుకుని, 45 అడుగులు. ఇప్పుడు రెండు త్రిభుజాలు. హీరాన్ అనే ఆయన అలెగ్జాండ్రియాలో ఉండేవాడు, క్రీస్తుశకం ఒకటో శతాబ్దం, మూడు వైపులూ తెలిస్తే చాలు ఎత్తు అక్కర్లేకుండా ఏరియా తీసే దారి ఆయన రాసిపెట్టాడు. మూడూ కలిపి సగం చేస్తే అది s, s లోంచి ఒక్కో వైపూ విడివిడిగా తీసేసి, వచ్చిన మూడింటినీ s తో గుణించి రూట్ తీయడమే.

39, 42, 45కి s 63. అవతలి 28, 53, 45కి కూడా 63. ఎక్కడో తప్పు కొట్టామని అమ్మాయి మళ్ళీ కూడింది, కాదు, నిజంగానే రెండూ 63. మొదటిది 756 వచ్చింది, రెండోది 630, మొత్తం 1386 అడుగులు.

154 గజాలు.

ఇరవై మూడు గజాలు మాయం, అంటే ఒక పెద్ద గది అంత. ఆ పెద్దమనుషుల లెక్క నాలుగు మూలలూ మూలమట్టానికి ఉంటేనే సరిపోతుంది, ఒక్క మూల వంకరున్నా అసలు కంటే ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చచ్చినా చూపించదు, అమ్మేవాడికి ఆ లెక్కంటే ఎందుకంత ముద్దో అప్పుడర్థమైంది. మా అమ్మకి చెప్తే నమ్మలేదు, అడ్డంగా కొలిస్తే తగ్గదా మరి, నిలువుగా కొలవండ్రా అంది. తర్వాత సీరియస్‌గా నన్ను పక్కకి పిలిచి "ఒరేయ్, ఈ లెక్క గడప దాటనివ్వకు" అంది.

టెన్త్ పాఠాలు చెప్పినట్టే జనవరిలో మొదలయ్యాయి, తొమ్మిది యాన్యువల్ పరీక్షలో హీరాన్ నుంచి ఒక్క మార్కు ప్రశ్న కూడా రాలేదు.

కనుమ మర్నాడు పొద్దున్నే మేం బయల్దేరుతుంటే పక్కింటి బాబాయ్ వచ్చాడు, లుంగీ ఎగ్గట్టి, చేతిలో టేపు. గడప దాటనే దాటింది, ఎవరు దాటించారో నేను అడగలేదు. "ఏమ్మా, మాది కూడా ఓసారి కొలిచిపెట్టవా, మూల నుంచి మూలకి కూడా లాగాలంటగా" అన్నాడు మా అమ్మాయితో. బస్సుకి టైమవుతోంది అని నేనంటూనే ఉన్నా, అది చెప్పులేసుకుని వెళ్ళిపోయింది, వాకిట్లో నిన్నటి రథం ముగ్గు పక్కన పుల్లతో మట్టిలో s రాసుకుంటూ కూర్చుంది.