నల్లని స్ఫటికం పసిడిగా మారే పీడనం

విశాఖ ఆర్కే బీచ్‌లో నడిచినప్పుడల్లా సముద్రపు అడుగున ఉండే పీడనం గురించి ఆలోచిస్తాను. అత్యంత లోతైన అగాధంలోనూ అది మామూలు గాలి పీడనానికి సుమారు 1,100 రెట్లే. సమారియం సల్ఫైడ్ అనే నల్లని అర్ధవాహకాన్ని గది ఉష్ణోగ్రత వద్ద అందుకు దాదాపు ఆరు రెట్ల పీడనంతో, అంటే సుమారు 0.65 గిగాపాస్కల్‌తో నొక్కితే, అది హఠాత్తుగా బంగారు వన్నె గల లోహమైపోతుంది. 1970లో భౌతిక శాస్త్రవేత్త ఎ. జయరామన్ బృందం ఈ మార్పును వివరించింది. నన్ను కట్టిపడేసేది రంగు కంటే దాని వెనుకనున్న కారణం. ఉప్పు స్ఫటికాన్ని పోలిన అమరిక చెక్కుచెదరదు. ఘనపరిమాణం మాత్రం పది శాతానికి మించి కుంచించుకుపోతుంది, సమారియం పరమాణువులోని 4ఎఫ్ అనే లోపలి కక్ష్యలో ఒదిగి ఉన్న ఎలక్ట్రాన్ కొంతమేర వాహక పట్టీలోకి, అంటే ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదలగల శక్తి స్థాయిల్లోకి, జారి విద్యుత్తును మోయడం మొదలుపెడుతుంది. పీడనం పూర్తిగా తీసేస్తే మళ్లీ నలుపే. అయితే నల్లని ముక్కను సానపట్టినా చాలు, పైపొర పసిడి రంగు దాలుస్తుంది. బాగా వేడిచేస్తే ఆ మెరుపు పోయి తిరిగి నల్లబడుతుంది.