ఎండ కాదు, వంకాయ కాదు

మొదట కనురెప్పలు దురద పెట్టాయి. తర్వాత మెడ, చెవుల వెనక, మోచేతి మడతలు. రానురాను అక్కడి చర్మం నల్లబడి, మందమై, చారలు తేలింది. పగలు ఏదో పనిలో పడి మరిచిపోయేవాణ్ణి. అసలు గోకుడంతా రాత్రే. తెల్లారి చూస్తే దిండు గలీబు మీద రక్తపు మరకలు. క్షవరానికి వెళ్తే మంగలి నా మెడ చూసి, "తగ్గినంక రండి సార్" అన్నాడు. అంటుకునే జబ్బనుకున్నాడు పాపం.

మాది మహబూబ్‌నగర్ శివారు కాలనీ. ప్లాట్లన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయి గానీ ఇళ్లు సగం కూడా లేవలేదు. ఆ ఖాళీ జాగాల్లో వానాకాలం వచ్చిందంటే నడుమెత్తు వయ్యారిభామ కలుపు మొక్కలు. పొద్దున నడక ఆ మధ్యలోని బాట మీదే. దానికీ నా మెడకూ సంబంధం ఉందని ఎవరూ అనలేదు.

అన్నవి వేరే. వేడి చేసిందన్నారు, రక్తం చెడిందన్నారు. వంకాయ, గోంగూర, చేపలు బంద్ పెట్టించారు. పాలమూరులో పుట్టి వంకాయ మానడమంటే మాటలా! నేను మానాను, దురద మాత్రం మానలేదు. దగ్గర్లోని ఆర్‌ఎంపీ సూది వేస్తే కొన్నాళ్లు మాయమయ్యేది. అందులో ఉన్నది స్టెరాయిడ్ అని, అలా పదేపదే వేయించుకుంటే షుగర్, బీపీ పెరుగుతాయని, ఎముకలు బలహీనపడతాయని తర్వాత ఎప్పటికో తెలిసింది. ఒక డాక్టరు ఎండ పడట్లేదన్నారు. ముఖం, మెడ, చేతులు కాబట్టి అదీ నిజమేననిపించి గొడుగు పట్టుకు తిరిగాను. ఇంకొకరు రక్తం తీయించి అలర్జీ ప్యాకేజీ చేయించారు. వచ్చిన కాగితంలో వేరుశనగ దగ్గర్నుంచి బొద్దింక దాకా అన్నిటి పేర్లూ ఉన్నాయి, కొన్నిటి పక్కన 'స్వల్పం' అని ఉంది. ఇక ఏం తినాలో తెలియని టెన్షన్ ఒకటి తోడైంది.

హైదరాబాద్‌లో చర్మవ్యాధుల డాక్టరమ్మ ఆ కాగితం పక్కన పెట్టేశారు. నా గడ్డం పైకెత్తి కింద చూశారు, చెవులు ముందుకు వంచి వెనక చూశారు. "ఎండ వల్ల అయితే ఈ నీడ పట్టు చోట్లు బాగుండాలి కదండీ. మీకు ఇక్కడే ఎక్కువగా ఉంది. గాల్లో వచ్చేదేదో మడతల్లో చేరుతోంది" అన్నారు. వానలు పడ్డాక ఎక్కువవుతుందా, ఊరు మారితే తగ్గుతుందా అని అడిగారు. దుబాయ్‌లో మా అమ్మాయి దగ్గరున్నన్నాళ్లూ ఒళ్లు శుభ్రంగా ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అంతవరకు అది ఏసీ మహిమ అనుకున్నాం.

ఆమె చేయించింది ప్యాచ్ టెస్ట్. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న చిన్న గిన్నెల్లాంటి వాటిలో పెట్టి వీపుకు టేపుతో అంటిస్తారు. 48 గంటలు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. తీశాక ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. స్టెరాయిడ్ వాడుతుంటే ఫలితం సరిగా రాదని ముందే ఆపించారు. వీపు మీద పార్థీనియం పెట్టిన చోట ఎర్రగా పొంగి, చిన్న నీటి పొక్కులు లేచాయి. పార్థీనియం అంటే వయ్యారిభామే. చామంతి పెట్టిన చోట కూడా కాస్త ఎరుపు. రెండూ ఒకే కుటుంబం మొక్కలట.

మరి రక్తపరీక్షలో ఎందుకు తేలలేదని అడిగాను. ఆ పరీక్ష వెతికేది ఐజీఈ అనే యాంటీబాడీని. తుమ్ములు, దద్దుర్లు, ఆయాసం లాంటి నిమిషాల్లో వచ్చే అలర్జీలు దానితో వచ్చేవి. నాది రక్తంలోని తెల్లకణాలు నడిపే అలర్జీ, తాకిన ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. మా చెల్లెలి కొడుక్కి ఇదే మొక్క పుప్పొడితో తుమ్ములు, పిల్లికూతలు. వాడికి ముంజేతి మీద చుక్కలు వేసి సూదితో గుచ్చి, ఇరవై నిమిషాల్లో తేల్చేశారు. ఇన్‌హేలర్‌తో క్రికెట్ ఆడుతున్నాడిప్పుడు. మొక్క ఒకటే, జబ్బులు రెండు, పరీక్షలూ రెండు. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా వంకాయ నాకు దక్కేది.

మందులు మొదలుపెట్టాక వెంటనే ఏమీ కాలేదు. మెడకు, చేతులకు గట్టి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్, అదీ కొన్నాళ్లే. రెప్పల మీద అది ఎక్కువగా రాస్తే కంటికి ముప్పు కాబట్టి అక్కడ టాక్రోలిమస్ అనే స్టెరాయిడ్ కాని పూతమందు. లోపలికి అజాథయోప్రిన్ మాత్ర, ఒంట్లోని రోగనిరోధక శక్తి జోరు తగ్గించేది. అది పనిచేయడానికి వారాలు పడుతుంది, ఈలోగా తెల్లకణాలు తగ్గుతున్నాయా, లివర్ ఎలా ఉంది అని రక్తపరీక్షలు చేయిస్తూనే ఉండాలి. ఆ పరీక్షలు తప్పనిసరి, బద్ధకిస్తే కుదరదు.

మందుకన్నా కష్టం ఆ మొక్కకు దూరంగా ఉండడం. పువ్వు లేకపోయినా ఆకు, కాండం మీది నూగులో ఆ విషం ఉంటుంది. ఎండిపోయాక పొడై గాల్లో లేస్తుంది. జేసీబీతో చదును చేయిస్తే ఆ వారమంతా నరకమే. కాలనీ కుర్రాళ్లు గ్లౌజులు తొడుక్కుని పూతకు ముందే కొంత పీకారు, మిగతా చోట లీటరు నీళ్లకు 200 గ్రాముల లెక్కన ఉప్పు కలిపి కొట్టారు. నేను కిటికీలు మూసుకుని ఇంట్లోనే ఉన్నాను. నిండు చేతుల చొక్కా, బయటినుంచి రాగానే స్నానం అలవాటైపోయాయి. బతుకమ్మను మా ఆవిడ బంతి, చామంతి లేకుండా తంగేడు, గునుగుతోనే పేర్చింది. "గిదేం బతుకమ్మ?" అని పక్కింటావిడ నవ్విందట.

ఇప్పుడు రాత్రి నిద్ర పడుతోంది. మెడ మీద నలుపు ఇంకా పూర్తిగా పోలేదు. మాత్ర సగానికి తగ్గించారు, వానాకాలం దాటేదాకా ఆపొద్దన్నారు. మా ఎదురు ప్లాటు ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా "ఈ వారం మనిషిని పంపిస్త సార్" అంటాడు. అక్కడ మళ్లీ మోకాలెత్తు పెరిగింది.