టీనా, ఈడీనా?

మా అమ్మాయి సి.పి. బ్రౌన్ గురించి రాసిన ఇంగ్లీషు వ్యాసంలో గత వారం అర మార్కు కోత పడింది. 'బ్రౌన్ లెర్న్‌ట్ తెలుగు' అని చివర టీ పెట్టి రాస్తే, ఉపాధ్యాయుడు ఆ టీని ఎర్రసిరాతో కొట్టేసి పైన ఈ, డీ అని రెండక్షరాలు చేర్చారు. 1817లో మద్రాసులో దిగి, అక్కడ తెలుగు మొదలుపెట్టి, 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన ఆ దొర బంగళా ఉన్న చోటే, ఎర్రముక్కపల్లెలో, ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ఆయన తెలుగు నేర్చుకున్న సంగతి మీదే మా ఇంట్లో తగవు పుట్టింది.

"మా ఆఫీసులో టీ పెట్టి రాసేవాళ్లను నేను చూడలేదు బావా" అన్నాడు బెంగళూరులో అమెరికా కంపెనీకి పనిచేసే మా బావమరిది. పక్కింటి రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు మాత్రం, తాను ముప్పై ఏళ్లు టీతోనే నేర్పానని, అది తప్పయితే తన శిష్యులందరి మార్కులూ వెనక్కి తీసుకోవాలని పట్టుబట్టారు.

నిజానికి రెండూ ఒప్పే. అమెరికాలో ఈడీయే వాడుక. బ్రిటిష్ ఇంగ్లీషులో రెండూ చెల్లుతాయి. బర్న్, డ్రీమ్ అనే క్రియలదీ ఇదే దారి. అన్నిటికన్నా చిత్రం, స్పెల్ అనే క్రియకే భూతకాలపు స్పెల్లింగు రెండు విధాలుగా ఉండటం. అలాగని లెర్న్‌ను చూసి ఎర్న్‌కు కూడా టీ తగిలిస్తే కుదరదు, దానికి ఈడీ ఒక్కటే గతి. కోర్టులో వకీళ్లు ఒకరినొకరు 'లెర్నెడ్ ఫ్రెండ్' అని గౌరవించుకునేటప్పుడు కూడా ఈడీయే ఉండాలి, పైగా దాన్ని రెండు ముక్కలుగా విడదీసి పలకాలి. పండితుడికి ఈడీని వదిలేసి నేర్చుకోవడానికి టీని ఉంచుకుంటే చదివేవాడికి తికమక ఉండదని నా అభిప్రాయం, అందుకే నా ఓటు హెడ్‌మాస్టరు గారికే.

కానీ నోటుపుస్తకం మళ్లీ తిరగేస్తే, కింద ఆరో వరుసలో మా అమ్మాయే అదే మాటను ఈడీతో రాసింది, దానికి టిక్కు కూడా పడింది. ఒకే వ్యాసంలో రెండు దారులు తొక్కడం మాత్రం దిద్దవలసిన దోషమే కాబట్టి, అర మార్కు కోసం బడికి వెళ్లాలన్న ఆలోచన అక్కడితో మానుకున్నాను.

తరువాత తెలుగు నోటుపుస్తకం చూశాను. అందులోనూ బ్రౌన్ వ్యాసమే. మొదటి పేరాలో 'నేర్చుకొన్నాడు', చివరి పేరాలో 'నేర్చుకున్నాడు', మధ్యలో మా అమ్మ నోట విన్న 'నేర్చుకున్న్యాడు'. తెలుగు అయ్యవారు ఒక్కదాన్నీ కొట్టలేదు.