మా అమ్మాయి పౌరసత్వ ధ్రువపత్రం

నేను అమెరికా పౌరురాలిగా ప్రమాణం చేసిన రోజున మా అమ్మాయికి 12 ఏళ్లు. ఏ దరఖాస్తూ పెట్టకుండానే ఆ రోజుతో తను కూడా పౌరురాలైందన్న సంగతి మాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మావారి ప్రమాణం కూడా పూర్తయ్యేదాకా ఆగాలేమో అనుకుంటూ కొన్ని నెలలు ఊరికే గడిపేశాము.

2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన బాలల పౌరసత్వ చట్టం ప్రకారం, బిడ్డకు 18 ఏళ్లు నిండకముందే తల్లిదండ్రులలో ఒక్కరైనా పౌరులై, ఆ బిడ్డ గ్రీన్ కార్డుతో అమెరికాలో వారి చట్టబద్ధమైన సంరక్షణలో వారితోనే నివసిస్తూ ఉంటే, పౌరసత్వం దానంతటదే సంక్రమిస్తుంది. పెద్దలు నింపే పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 పిల్లలకు లేదు. కావలసిందల్లా వచ్చిన పౌరసత్వానికి రుజువు. అది పాస్‌పోర్టు కావచ్చు, ఎన్-600 దరఖాస్తుతో వచ్చే ధ్రువపత్రమూ కావచ్చు.

మేము ముందు పాస్‌పోర్టు తీసుకున్నాము. అది ఉండగా ధ్రువపత్రం ఎందుకని స్నేహితులు అడిగారు. 2024 ఏప్రిల్ నుంచి ఎన్-600 రుసుము కాగితం మీద పంపితే 1,385 డాలర్లు, ఆన్‌లైన్‌లో అయితే 1,335 డాలర్లు కాబట్టి వారి ప్రశ్న సబబైనదే. అయినా నా అభిప్రాయం మారలేదు. 16 ఏళ్లలోపు పిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్లకే ముగుస్తుంది, ధ్రువపత్రానికి గడువు లేదు. పైగా పాస్‌పోర్టు ఇచ్చేది విదేశాంగ శాఖ. అది చేతికి వచ్చినంత మాత్రాన వలస విభాగం దస్త్రాలలో బిడ్డ హోదా మారదు. రేపు ఏ ముప్పయ్యేళ్ల వయసులోనో తన పాస్‌పోర్టు పోతే, మా పెళ్లి పత్రం, నా పౌరసత్వ పత్రం, తను మాతో కలిసి ఉన్నదనడానికి బడి రికార్డులు అన్నీ తనే వెతుక్కోవలసి వస్తుంది. ఆ కాగితాలు ఇవాళ మా బీరువాలో ఉన్నాయి.

అసలు కష్టం పేరు దగ్గర వచ్చింది. మన పురపాలక సంఘాలలో చాలాసార్లు జననం నమోదయ్యే నాటికి బిడ్డకు పేరు పెట్టి ఉండరు. మా అమ్మాయి జనన ధ్రువపత్రంలోనూ పేరు గడి ఖాళీగానే ఉండేది. తరువాత చేర్చినప్పుడు ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు వేశారు, గ్రీన్ కార్డులో అదే ఇంటిపేరు పూర్తిగా చివర వచ్చింది. మా నాన్నగారు ఊళ్లో కార్యాలయం చుట్టూ మూడుసార్లు తిరిగి, పూర్తి పేరుతో సరిచేసిన ప్రతి తెప్పించారు. పిల్లలున్నవారు ఎన్-600 సంగతి తరువాత చూసుకున్నా సరే, ఈ ఒక్క పత్రాన్ని మాత్రం ముందే సరిచేయించుకోవాలని నా మనవి. ఇంగ్లీషులో లేని పత్రం ఏదైనా ఉంటే పూర్తి అనువాదమూ, అనువాదకుల ధ్రువీకరణా జతచేయాలి.

ఇంటర్వ్యూకి పిలిచేసరికి తనకు 15 ఏళ్లు. 14 దాటిన పిల్లల చేత సాధారణంగా ప్రమాణం చేయిస్తారు గనుక, తను కుడిచేయి ఎత్తి నెమ్మదిగా ఒక్కొక్క మాటా పలికింది. గ్రీన్ కార్డు తీసుకుని ధ్రువపత్రం చేతికిచ్చారు. అందులో తను పౌరురాలైన తేదీ అని ఉన్నది ఆనాటి తేదీ కాదు, మూడేళ్ల కిందట నేను ప్రమాణం చేసిన తేదీ. ఆ రోజు తను బడిలో లెక్కల పరీక్ష రాస్తోంది.