ఏం చదువుతున్నారు మేడం?

రాత్రి పదకొండు దాటింది. మధ్యాహ్నం ఆడిన ఒక చిన్న అబద్ధం నిద్ర పట్టనివ్వకపోవడం వల్ల ఇది రాస్తున్నాను. ఆ అబద్ధం వల్ల ఎవరి కొంపా మునగలేదు, నా బుర్ర మాత్రం తొలుచుకుపోతోంది.

మా సెక్షన్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి గురించి ఇంతకు ముందు రాశాను. భోజనాల వేళ క్యారియర్ విప్పుతూ ఆ పిల్ల, "ఇప్పుడేం చదువుతున్నారు మేడం?" అని అడిగింది. సరిగ్గా ఆ సమయానికి నా చేతి సంచిలో, పెరుగన్నం డబ్బా పక్కనే, అమ్మ బైండు చేయించి పెట్టుకున్న వారపత్రిక డిటెక్టివ్ సీరియల్ ఉంది. నాలుగు రోజులుగా బస్సులో అదే చదువుతున్నాను. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను, తీరా బయటికి వచ్చిన మాట "వేయిపడగలు". అంతటితో ఊరుకుంటే బాగుండేది. విశ్వనాథ సత్యనారాయణగారు ఆ నవలను 29 రోజుల్లో ఆశువుగా చెప్పారనీ, పి.వి. నరసింహారావుగారు దానిని "సహస్రఫణ్" పేరుతో హిందీలోకి తెచ్చారనీ, అడగకపోయినా వివరించాను. చదవని పుస్తకం గురించి మనకు ఎన్ని సంగతులు తెలుస్తాయో తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. ఆయన 29 రోజుల్లో చెప్పిన నవలలో నేను మూడేళ్ళుగా అరవై పేజీలు కూడా దాటలేదు. సుబ్బన్నపేటలోకి అడుగు పెట్టడం, ఇంట్లో ఎవరికో జ్వరం రావడం, అడుగు వెనక్కి తీయడం, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడం, ఇదే వరస.

ఆ అమ్మాయి కళ్ళింతలు చేసుకుని, "అయితే నేనూ చదువుతాను మేడం, మీరు చెప్పారంటే బాగుంటుంది" అంటూ చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా, ఎడమ చేత్తో ఫోనులో పుస్తకానికి ఆర్డరు పెట్టేసింది. నా గొంతులో పెరుగన్నం అడ్డుపడింది. నేను ఏం చదువుతున్నానో మాత్రమే అడిగిన పిల్లకు, నేను చదవని పుస్తకాన్ని సిఫారసు చేసినట్లయింది. నిజం చెప్పడానికి మూడు గంటల వ్యవధి ఉంది, ఆమె కుర్చీ నా కుర్చీకి నాలుగు అడుగుల దూరంలో ఉంది, అయినా చెప్పలేదు.

సాయంత్రం బస్సులో మొదట నాకు ఆ ప్రశ్న మీదే కోపం వచ్చింది. ఏం వండారని అడిగితే దొండకాయ వేపుడు అని నిస్సంకోచంగా చెబుతాం, ఏం చదువుతున్నారని అడిగితే మాత్రం బంధువులొచ్చినప్పుడు ముందు గది సర్దినట్లు లోపలిది లోపల దాచి పెద్ద పుస్తకాలు ముందుకు తెస్తాం. పోనీ ధైర్యం చేసి మనసుకు నచ్చిన పుస్తకమే చెప్పామనుకోండి, అప్పుడు వచ్చే మొదటి ప్రశ్న "పీడీఎఫ్ ఉందా?" అని. ఈ ఒక్క మాటతో నాకు కలిగే చిరాకు ఇంకే మాటతోనూ కలగదు. తెలుగులో ఒక నవల వెయ్యి ప్రతులు అచ్చువేసి, అవి అమ్ముడుపోవడానికి ఏళ్ళ తరబడి ఎదురుచూసే ప్రచురణకర్తలున్న చోట, రెండు కాఫీల ఖరీదు పెట్టడానికి మనసొప్పదు. కొనలేనివారి గురించి కాదు నా బాధ, వారికి శాఖా గ్రంథాలయం ఉంది, ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనందరి దగ్గరా వసూలు చేస్తూనే ఉన్నారు. వారానికో చీర కొనే మా పైవాటా ఆవిడ "కొనడమెందుకండీ దండగ, మీకు తెలిసినవాళ్ళెవరైనా పీడీఎఫ్ పంపుతారేమో కనుక్కోండి" అన్నప్పుడు ఆవిడకు ఏమని జవాబు చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

రెండో ప్రశ్న "ఎన్ని పేజీలు?" అని. మూడోది "సినిమాగా వచ్చిందా?" అని. డాక్టర్ పి. శ్రీదేవిగారి "కాలాతీత వ్యక్తులు" చదవమని నేను చెప్పిన ప్రతి మనిషీ ఈ మూడో ప్రశ్న అడిగారు, నా ఖర్మ కొద్దీ దానికి జవాబు అవును అనే చెప్పవలసి వచ్చేది. 1963లో "చదువుకున్న అమ్మాయిలు" పేరుతో వచ్చిన సినిమాకు ఆ నవలే ఆధారం. అందులో సావిత్రి ఉందని తెలియగానే ఇక నవల జోలికి వెళ్ళేవారుండరు. ఆ సినిమా హాయిగా నవ్వుకుంటూ చూడవలసింది, ఆ నవల అలాంటిది కాదు, ఒకటి చూస్తే రెండోది చదివినట్లు కాదని నేను ఎంత మొత్తుకున్నా వినరు.

ఆ నవల మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో ఎప్పుడూ రాయలేదు.

1984 వేసవి సెలవులకు గుడివాడలో అమ్మమ్మగారింట్లో ఉన్నాను. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. ఆ ఏడాది మాఘంలో పిన్నికి కుదిరిన సంబంధం కట్నం దగ్గర తప్పిపోయింది. పెళ్ళికొడుకు మంచివాడేననీ, పెద్దవాళ్ళ మాట దాటలేకపోయాడనీ అందరూ పిన్నికి వినబడేలా ఆయనను సమర్థించేవారు. పిన్ని ఏమీ అనేది కాదు. సాయంత్రం కాగానే నన్ను వెంటబెట్టుకుని వీధి చివర అద్దె పుస్తకాల కొట్టుకు నడిచేది. బడ్డీకొట్టు కంటే కాస్త పెద్ద గది అది. అట్టలకు గోధుమరంగు కాగితం తొడిగి, వెన్ను మీద నంబరు వేసిన పుస్తకాలు నేల నుంచి పైకప్పు దాకా ఉండేవి. పుస్తకం ఖరీదులో సగం అడ్వాన్సు కట్టాలి, అద్దె రోజుకు అర్ధరూపాయి. కొట్టాయన పుస్తకం తిరిగి తీసుకునేటప్పుడు బాగుందా అని అడిగేవారు కారు. "ఎక్కడిదాకా వచ్చారమ్మా?" అని మాత్రం అడిగేవారు. మధ్యలో ఆపేశామంటే ఎక్కడ ఆపామో విని, తల ఊపి, ఇంకో పుస్తకం తీసి ఇచ్చేవారు.

ఒక రోజు పిన్ని అప్పట్లో అందరూ ఏడుస్తూ చదువుతున్న ఒక నవల పేరు చెప్పి అడిగింది. ఆయన అది ఎదురుగా ఉండగానే "అది ఇప్పుడు వద్దులెండి" అని, నిచ్చెన ఎక్కి పై అర నుంచి "కాలాతీత వ్యక్తులు" తీసి ఇచ్చారు. ఆ పుస్తకం మా ఇంట్లో పదకొండు రోజులు ఉండిపోయింది. అయిదున్నర రూపాయల అద్దె అని అమ్మమ్మ లబలబలాడింది, ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే పుస్తకమే వచ్చేదని రోజుకోసారి లెక్కకట్టింది. పన్నెండో రోజు ఉదయాన్నే తిరిగి ఇవ్వడానికి వెళ్ళాం. ఆయన మామూలుగానే "ఎక్కడిదాకా వచ్చారమ్మా?" అని అడిగారు. "మళ్ళీ మొదటికి వచ్చానండీ" అంది పిన్ని. ఆయన ఆ పదకొండు రోజులకు మూడు రూపాయలే తీసుకున్నారు.

నేను ఆ నవలను డిగ్రీ చదివే రోజుల్లో గానీ చదవలేదు. బాధ్యత లేని తండ్రిని ఉద్యోగం చేసి పోషిస్తూ, ఎవరి జాలినీ ఆశించకుండా బతకాలనుకునే ఇందిరనూ, సొంతంగా ఒక్క నిర్ణయమూ తీసుకోలేని ప్రకాశాన్నీ చూశాక కొట్టాయన పై అర దాకా ఎందుకు ఎక్కారో బోధపడింది. శ్రీదేవిగారు స్వయంగా వైద్యురాలు. 1957-58లో "తెలుగు స్వతంత్ర"లో ఈ నవల ధారావాహికగా వచ్చింది, 1961లో ఆవిడ పోయారు, అప్పటికి ముప్ఫై మూడో ఏడు కూడా నిండి ఉండదు. ఇంకొన్నేళ్ళు బతికి ఉంటే ఏమేమి రాసేవారోనన్న ఆలోచన ఆ పుస్తకం ముట్టుకున్నప్పుడల్లా వస్తుంది.

ఇంతవరకూ రాశాక, మనిషిని ఎరిగి పుస్తకం చెప్పడమే అసలైన పద్ధతి, తక్కినవన్నీ పటాటోపం అని ముగించి పడుకుందామనుకున్నాను. అయితే నేను చేసిన నిర్వాకం గుర్తుకు వచ్చింది. ఆ నవలను ఇప్పటికి నలుగురికి చేతిలో పెట్టి మరీ చదవమన్నాను, ఆ నలుగురిలో ఎవరి సంగతీ నాకు సరిగా తెలియదు. కొట్టాయన పిన్ని కోసం నిచ్చెన ఎక్కారు, నేను మాత్రం పిన్ని జ్ఞాపకాన్ని కనబడినవారి నెత్తిన రుద్దుతూ వచ్చాను. వారిలో ఒకావిడ ఏడాది తరువాత పసుపు మరకతో తిరిగి ఇస్తూ, "ఆ ఇందిర అంత మంచి పిల్లేం కాదండీ" అంది. అప్పుడు ఒళ్ళు మండి, వారం రోజులు ఆవిడతో ముక్తసరిగా మాట్లాడాను. ఇప్పుడు ఆలోచిస్తే నలుగురిలో చివరిదాకా చదివిన మనిషి ఆవిడ ఒక్కతే. ఇందిర గురించి ఒక అభిప్రాయం ఏర్పడేటంతగా చదివింది, వంటింట్లో పెట్టుకుని చదివిందనడానికి ఆ పసుపే సాక్ష్యం. "ఎక్కడిదాకా వచ్చారు?" అని నేను అడిగి ఉంటే ఇంకా ఏమి చెప్పేదో, నేను అడిగింది "బాగుందా?" అని.

కొత్త అమ్మాయి సంగతికి వస్తే, నా అబద్ధం వల్ల ఆ పిల్లకు నష్టమేమీ జరగలేదేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. నేను అరవై పేజీల దగ్గర ఆగిపోయినంత మాత్రాన ఆమె కూడా ఆగిపోతుందనుకోవడం ఎందుకు? ఆమె ఆ నవలలోని ధర్మారావునీ అరుంధతినీ దాటి పసరిక పాత్రదాకా వెళ్ళి, తిరిగి వచ్చి నన్ను ప్రశ్నలు వేస్తే అప్పుడు దొరికిపోయేది నేనే. పరీక్షకు చదివినట్లు ఇప్పటినుంచైనా రోజుకు ఇరవై పేజీలు చదవాలి. లేదా రేపు భోజనాల దగ్గర సంచిలోంచి ఆ సీరియల్ బైండు తీసి బల్ల మీద పెట్టాలి. రెండోది సులువుగానే కనిపిస్తోంది గానీ, అట్ట ఊడిపోయి, ప్రతి వారం భాగం మీదా అమ్మ సిరాతో తేదీ వేసి, మధ్యమధ్య తలనూనె ప్రకటనలతో సహా కుట్టించిన ఆ కాగితాల కట్టను చూసి ఆ పిల్ల నవ్వితే నాకు నచ్చదు. అమ్మ దానిని దాచుకున్నందుకు నేను సిగ్గుపడలేదని నాకు నేను నచ్చజెప్పుకుంటున్నాను, అది కూడా మధ్యాహ్నం ఆడినలాంటి అబద్ధమేమో తెలియదు.

అసలు ఆ బైండులో చివరి రెండు భాగాలు లేవు. ఆ రెండు వారాలూ పత్రిక ఇంటికి రాలేదో, అరువు తీసుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వలేదో, అమ్మను అడిగే అవకాశం ఇప్పుడు లేదు. హంతకుడెవరో తెలియకుండానే అమ్మ దానిని మూడు సార్లు చదివింది, నేనూ రెండోసారి చదువుతున్నాను. ఇందాక దీపం వెలుతురుకు మెలకువ వచ్చి మా ఇంటాయన ఏం రాస్తున్నావని అడిగితే సంగతంతా చెప్పాను. ఆయన సీరియల్ పేరు విని, "హాస్టల్లో ఉండగా వారం వారం చదివేవాణ్ణి, ఆఖరికి ఆ డ్రైవరే చంపాడు" అని అటు తిరిగి పడుకున్నారు. నాకు తెలిసినంతలో ఆ కథలో డ్రైవరు ఎక్కడా రాడు. చివరి రెండు భాగాల్లో వస్తాడేమో మరి, ఆయన నిజంగా చదివారో లేదో మాత్రం ఎలా తేల్చుకోవాలో తెలియడం లేదు.